హిమానీనదాల జమాఖర్చు: గోముఖం దగ్గర మీరు చూసినదానికి వివరణ

గంగోత్రి హిమానీనదం కింది అంచైన గోముఖం యాత్ర చేసి వచ్చి మీరు కొన్ని సందేహాలు అడిగారు. దారిలో గైడు ఒకచోట ఆగి, తన తాతగారి రోజుల్లో మంచు ఇక్కడిదాకా ఉండేదని చూపించాడని, అక్కడి నుంచి ఇప్పటి మంచు అంచుకు చేరడానికి చాలాసేపు నడవాల్సి వచ్చిందని రాశారు. ఇది ప్రకృతిలో మామూలేనని కొందరు, 2035 కల్లా హిమాలయాల్లో మంచే మిగలదన్న జోస్యం ఏమైందని మరికొందరు అంటున్నారని, కారకోరంలో మంచు పెరుగుతోందని కూడా ఎక్కడో చదివారని, వీటిలో ఏది నమ్మాలో తెలియడం లేదని అన్నారు. గోదావరి, కృష్ణలు మంచులో పుట్టిన నదులు కావు గదా, మనకు దీనితో పనేమిటని చివర్లో అడిగారు. ఇరవై ఏళ్లకు పైగా హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో మంచు కొలిచే పనిలో ఉన్నాను. నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

ముందుగా హిమానీనదం అంటే ఏమిటో మనసులో స్పష్టంగా ఉండాలి. అది కొండ మీద పేరుకుని కదలకుండా ఉండే మంచుగడ్డ కాదు. పైభాగంలో ఏటేటా కురిసిన మంచు పొరలు పొరలుగా నొక్కుకుపోయి గట్టిపడి, తన బరువుకు తానే లోయలోకి మెల్లగా జారుతూ, కిందికి వచ్చేకొద్దీ కరిగిపోయే ప్రవాహం అది. గఢ్వాల్ కొండల్లో దాన్ని బామక్ అంటారు, లాహౌల్ లోయలో షిగ్రీ అంటారు. పైన కురిసింది జమ, కింద కరిగింది ఖర్చు. ఆ రెండూ సరిసమానమయ్యే ఎత్తు ఒకటి ప్రతి హిమానీనదం మీదా ఉంటుంది. దానికి పైన ఏడాది చివరికి మంచు మిగులుతుంది, దానికి కింద తరుగు పడుతుంది. లాహౌల్-స్పితిలోని ఛోటా షిగ్రీ మీద, జమాఖర్చులు సరిపోయే ఏడాదిలో ఆ రేఖ 4,900 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. ఎండలు మండి, చలికాలపు మంచు తక్కువ కురిసిన ఏడాదిలో అది మరో 200 మీటర్లు పైకి ఎగబాకుతుంది. అప్పుడు జమ అయ్యే విస్తీర్ణం కుంచించుకుపోయి, ఖర్చయ్యే విస్తీర్ణం పెరుగుతుంది. హిమానీనదాల క్షీణత అని మనం అంటున్నది, ఈ లెక్క వరుసగా దశాబ్దాల పాటు లోటులో ఉండటమే.

ఈ లెక్క కట్టే పద్ధతి వినడానికి చాలా మోటుగా ఉంటుంది. ఆవిరితో పనిచేసే డ్రిల్లుతో మంచులోకి దాదాపు పది మీటర్ల లోతు వరకు సన్నటి రంధ్రం చేసి, రెండేసి మీటర్ల వెదురు ముక్కలను ఇనుప తీగతో ఒకదాని చివర ఒకటి కట్టి అందులోకి దించుతాం. దించిన రోజున పైముక్క తల మాత్రమే కనబడుతుంది. వేసవి గడిచి సెప్టెంబరు చివర్లో అక్కడికి తిరిగి వెళ్లేసరికి, దిగువ భాగంలో పాతిన కర్ర ఎవరో పైకి లాగినట్టు బయటపడి, ఒకటీ రెండూ ముక్కలు పక్కకు వాలి మంచు మీద పడి ఉంటాయి. కర్ర పైకి రాలేదు, దాని చుట్టూ ఉన్న మంచు అంత మేర దిగిపోయింది. అంచుకు దగ్గరగా ఒక్క వేసవిలోనే 3, 4 మీటర్ల మందం కరగడం మామూలు. పైభాగంలో దీనికి తిరగేసిన పని: గొయ్యి తవ్వి, ఆ ఏటి మంచు పొర మందాన్నీ సాంద్రతనూ కొలుస్తాం. రెండూ కలిపి, హిమానీనదం మొత్తం మీద పరిస్తే ఎంత మందపు నీరు పెరిగింది, ఎంత తగ్గింది అన్నది తేలుతుంది.

ఛోటా షిగ్రీ మీద ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కలిసి 2002లో ఈ కొలతలు మొదలుపెట్టారు. అప్పటి నుంచి సుమారు పదిహేడేళ్ల లెక్కల సగటు చూస్తే, ఏడాదికి దాదాపు 0.46 మీటర్ల మందం నీటికి సమానమైన మంచు పోతోంది. మన భాషలో చెప్పాలంటే, దాదాపు 15 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం ఉన్న ఈ చిన్న హిమానీనదం ఒక్కటే ఏటా పావు టీఎంసీ మేర తన నిల్వను పోగొట్టుకుంటోంది. అదే హిమానీనదం 1990ల్లో జమాఖర్చులు ఇంచుమించు సరిపెట్టుకునేది. ఈ తేడాను గుర్తుంచుకోండి, సహజమా కాదా అన్న మీ ప్రశ్నకు ఇది అక్కరకు వస్తుంది.

ఇక గంగోత్రి సంగతి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన జె. బి. ఆడెన్ 1935లో గోముఖం వద్ద మంచు అంచును పటంలో గుర్తించారు. అప్పటి నుంచి అది ఒకటిన్నర కిలోమీటరుకు అటూ ఇటూగా, అంటే సగటున ఏడాదికి 20 మీటర్లకు దగ్గరగా వెనక్కి జరిగింది. మీ గైడు చూపించినది నిజమే. అయితే వెనక్కి జరిగే వేగం ఏటా ఒకేలా ఉండదు. 2000 తర్వాత కొన్నేళ్లు అది తగ్గినట్టు కొలతలు చూపినప్పుడు, గంగోత్రి కోలుకుంటోందని పత్రికల్లో రాసినవాళ్లున్నారు. అది తొందరపాటు. గంగోత్రి లాంటి 30 కిలోమీటర్ల పొడవైన హిమానీనదంలో పైన పడిన లోటు కింది అంచుకు తెలియడానికి కొన్ని దశాబ్దాలు పడుతుంది. ఈరోజు గోముఖం వద్ద కనబడేది చాలావరకు గడిచిన కాలపు వాతావరణానికి జవాబు. ఈ దశాబ్దపు వేడికి జవాబు మన పిల్లల కాలంలో కనబడుతుంది. అందుకే అంచు ఎంత జరిగిందన్న దానికంటే మందం ఎంత తగ్గిందన్న దాన్నే మేము ఎక్కువ నమ్ముతాం.

మందం చూసే విషయంలో ఒక మంచి పని 2019లో వెలువడింది. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో అమెరికా గూఢచారి ఉపగ్రహాలు తీసిన హిమాలయాల ఫొటోలను, ఇప్పటి ఉపగ్రహ చిత్రాలతో పోల్చి, సుమారు 650 హిమానీనదాల ఎత్తు ఎంత మారిందో లెక్కగట్టారు. 1975 నుంచి 2000 వరకు ఏడాదికి సగటున పావు మీటరు దాకా తగ్గిన మందం, 2000 నుంచి 2016 మధ్య అర మీటరుకు దగ్గరగా, అంటే ఇంచుమించు రెట్టింపు వేగంతో తగ్గింది. ఆ పరిశీలన స్పితి నుంచి భూటాన్ దాకా 2,000 కిలోమీటర్ల పొడవునా సాగింది. వాన తీరు, ధూళి, లోయల వాలు చోటుకొక రకంగా ఉండే ఇంత పొడవైన పర్వతశ్రేణిలో తరుగు మాత్రం అంతటా ఒకే పోకడలో ఉండటానికి, అంతటా సమానంగా ఉన్న కారణం వేడెక్కడమే.

అంచు మోసం చేయడానికి మరో కారణం రాళ్లు. హిమాలయాల్లోని చాలా హిమానీనదాల దిగువ భాగం తెల్లగా ఉండదు. కొండచరియల నుంచి రాలిన రాళ్లు, మట్టి దాన్ని పూర్తిగా కప్పేస్తాయి. గోముఖం దాటి పైకి నడిచినవాళ్లకు తాము మంచు మీద నడుస్తున్నామన్న సంగతే తెలియదు. పలుచగా దుమ్ము పడితే మంచు త్వరగా కరుగుతుంది, ఎందుకంటే తాజా మంచు తన మీద పడిన ఎండలో 80, 90 శాతం తిప్పికొడితే, మురికిపట్టిన మంచు 40 శాతం కూడా తిప్పికొట్టదు. కానీ ఆ పొర కొన్ని సెంటీమీటర్లు దాటి మందంగా పేరుకుంటే సంగతి తిరగబడుతుంది. మన ఊళ్లలో ఐసు దిమ్మ మీద ఊక పోసి గోనెపట్టా కప్పినట్టే, ఆ రాళ్ల పొర కింద మంచు ఎండ తగలకుండా నిలుస్తుంది. దాంతో అంచు ఉన్నచోటే ఉన్నట్టు కనబడుతూ, దానికి పైన రాళ్లు లేని మధ్యభాగం పలచబడిపోతుంది. మధ్యలో వాలు తగ్గిపోవడంతో ప్రవాహం మందగిస్తుంది, గుంటలు పడతాయి, గుంటల్లో నీరు నిలుస్తుంది, ఆ నీరు చుట్టూ ఉన్న మంచును కోస్తూ పోతుంది. పొడవులో పెద్దగా మార్పు లేని హిమానీనదం లోలోపల గుల్లబారడం ఇలాగే.

మధ్య, తూర్పు హిమాలయాలకు ఇంకో ఇబ్బంది ఉంది, దీని గురించి బయట తక్కువగా మాట్లాడుకుంటారు. పశ్చిమాన మంచు ప్రధానంగా చలికాలంలో, మధ్యధరా వైపు నుంచి వచ్చే గాలులతో కురుస్తుంది. నేపాల్, సిక్కిం వైపు మాత్రం మంచు ఎక్కువగా వేసవిలోనే, నైరుతి రుతుపవనాలతో కురుస్తుంది. అంటే అక్కడ జమ, ఖర్చు రెండూ ఒకే నెలల్లో జరుగుతాయి. ఆ నెలల్లో ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినా, మంచుగా పడవలసింది వానగా పడుతుంది. జమ కావలసింది కాలేదు సరికదా, పాత నల్లటి మంచును కప్పవలసిన తెల్లటి దుప్పటి కూడా లేకుండా పోయింది. ఒకే వాన రెండు వైపులా దెబ్బకొట్టడం అంటే ఇదే.

కారకోరం విషయంలో మీరు చదివినది తప్పు వార్త కాదు. బల్తోరో, సియాచిన్ లాంటి మహా హిమానీనదాలున్న ఆ ప్రాంతంలో కొన్ని నిలకడగా ఉండటం, కొన్ని ముందుకు కూడా రావడం శాస్త్రవేత్తలు గమనించి, 2005 నుంచి దానికి కారకోరం మినహాయింపు అనదగ్గ పేరే పెట్టారు. చలికాలపు మంచు అక్కడ దండిగా పడటం, వేసవులు మిగతా చోట్లంతగా వేడెక్కకపోవడం అందుకు కారణాలుగా చెబుతారు. కానీ 2010 తర్వాతి ఉపగ్రహ కొలతల్లో అక్కడ కూడా లోటు కనబడటం మొదలైంది. ఒక ప్రాంతపు మినహాయింపును చూపించి మొత్తం పర్వతశ్రేణికి అదే తీర్పు ఇవ్వడం సరికాదు.

2035 మాట నిజంగానే తప్పు. వాతావరణ మార్పులను సమీక్షించే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ 2007 నాటి నివేదికలో, ఆ ఏటికల్లా హిమాలయ హిమానీనదాలు అంతరించిపోవచ్చన్న వాక్యం ఒకటి చేరింది. శాస్త్రీయ సమీక్షకు నిలబడని ఒక నివేదిక నుంచి తీసుకున్న వాక్యం అది. వందల మీటర్ల మందమున్న మంచు ఆ గడువులో కరగడం అసాధ్యమని ఈ పని తెలిసిన వాళ్లందరూ అన్నారు. 2010 జనవరిలో ఐపీసీసీ తన తప్పును ఒప్పుకుంది. ఆ ఒక్క వాక్యం మా పనికి చేసినంత చేటు ఇంకేదీ చేయలేదని నా అభిప్రాయం. పల్లెల్లో మాతోపాటు సామాను మోసే పోర్టర్ల దగ్గర నుంచి, చదువుకున్న స్నేహితుల దాకా ఇప్పటికీ దాన్నే ఎత్తి చూపుతారు. ఇప్పుడు ఆధారాలతో చెబుతున్న అంచనా వేరు. పర్వత ప్రాంతాలను అధ్యయనం చేసే, ఖాట్మండులోని ఇసిమోడ్ సంస్థ 2019లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, భూమి సగటు వేడిమి పెరుగుదలను 1.5 డిగ్రీల దగ్గర ఆపగలిగినా ఈ శతాబ్దం చివరికి హిందూకుష్-హిమాలయాల మంచులో మూడో వంతు పోతుంది. ఉద్గారాలు ఇలాగే కొనసాగితే మూడింట రెండు వంతులు పోతుంది. ఒక వంతు పోవడం ఇప్పటికే ఖాయమైపోయింది, రెండో వంతు ఇంకా మనుషుల చేతిలో ఉంది.

ఇది సహజమేనన్న వాదనలో కొంత నిజం ఉంది. కొన్ని శతాబ్దాల పాటు సాగిన చిన్న మంచుయుగం 1850 ప్రాంతంలో ముగిశాక ప్రపంచమంతటా హిమానీనదాలు తగ్గడం మొదలైంది. 1851 నుంచి 2010 వరకు జరిగిన మొత్తం తరుగులో మనుషుల వల్ల జరిగింది నాలుగో వంతేనని 2014లో ఒక పరిశోధన లెక్కగట్టింది. అదే పరిశోధన, 1991 నుంచి 2010 వరకు మాత్రమే తీసుకుంటే ఆ వాటా 69 శాతమని తేల్చింది. మొదటి అంకెను మాత్రమే చెప్పి ఆగిపోయేవాళ్లు సగం నిజమే చెబుతున్నారు. ఛోటా షిగ్రీ 1990ల్లో సరిపెట్టుకుంటూ ఉండి, ఆ తర్వాత ఏటేటా లోటులో పడటం కూడా ఈ రెండో అంకెతోనే పొసగుతుంది. చిన్న మంచుయుగం ముగింపు ప్రభావమే అయితే ఈపాటికి మందగించాలి గానీ వేగం పుంజుకోకూడదు.

గంగ ఎండిపోతుందా అని చాలామంది అడుగుతారు. ఎండిపోదు. కానీ ఈ మాట నది నదికీ మారుతుంది. మైదానంలోకి చేరిన గంగ నీటిలో వానలదే పైచేయి. మంచు, హిమానీనదాల కరుగు నీటిని మైదానంలో పుట్టే నీటితో పోల్చి 2010లో వేసిన లెక్కలో గంగకు వచ్చింది 10 శాతమే. సింధు నదికి మాత్రం కరుగు నీరు మైదానపు నీటికి ఒకటిన్నర రెట్లు. అందువల్ల సింధు మీద బతికే పంజాబ్, పాకిస్తాన్ రైతులకు ఉన్న ప్రమాదం పాట్నా రైతుకు లేదు. అయితే గంగలో కూడా వానలు రాని ఏప్రిల్, మే నెలల్లో, దేవప్రయాగకు ఎగువన, మంచు నీటి వాటా బాగా ఎక్కువ. మరో చిక్కు ఏమిటంటే, మంచు వేగంగా కరిగే తొలి దశాబ్దాల్లో నదిలో నీరు పెరుగుతుంది. ఆ పెరుగుదల చూసి నిశ్చింతగా ఉండటం, బ్యాంకులోని అసలును తీసి తింటూ రాబడి పెరిగిందనుకోవడం లాంటిది. ఆసియా పర్వతాల్లో చాలాచోట్ల ఈ నీరు ఈ శతాబ్దం మధ్యకాలంలో గరిష్ఠానికి చేరి, తర్వాత తగ్గుముఖం పడుతుందని అంచనా.

నన్ను రోజూ కలవరపెట్టేది ఆ శతాబ్దాంతపు లెక్క కన్నా సరస్సులు. హిమానీనదం వెనక్కి జరిగినప్పుడు, అది ఒకప్పుడు తోసుకొచ్చి పోసిన రాళ్ల కట్ట అక్కడే ఉండిపోతుంది. ఆ కట్టకూ మంచుకూ మధ్య నీరు నిలిచి సరస్సవుతుంది. ఎవరూ ఇంజనీరింగ్ చేయని, సున్నమూ సిమెంటూ లేని, ఒక్కోసారి లోపల మంచుగడ్డలే ఉన్న కట్ట అది. మన హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో సింధు, గంగ, బ్రహ్మపుత్ర పరీవాహకాల్లో పావు హెక్టారుకు మించిన ఇలాంటి సరస్సులను 28,043 గుర్తించింది. 10 హెక్టార్లకు మించిన 2,431 సరస్సుల్లో 676 సరస్సులు 1984 నుంచి గణనీయంగా పెరిగాయని ఇస్రో 2024లో వెల్లడించింది. వాటిలో 130 మన దేశంలో ఉన్నాయి. లాహౌల్‌లో నేను చాలాసార్లు చూసిన గేపాంగ్ ఘాట్ సరస్సు 1989లో 36 హెక్టార్లుండేది, 2022 నాటికి 101 హెక్టార్లయింది. దాని దిగువనే ఊళ్లున్నాయి, బఠాణీ చేలున్నాయి, మనాలి నుంచి లేహ్ వెళ్లే రహదారి ఉంది.

కట్ట తెగితే ఏమవుతుందో తెలుగువాళ్లకు 2013 జూన్‌లోనే అనుభవమైంది. జోరువానలతో కేదార్‌నాథ్ ఎగువన చోరాబారీ సరస్సు కట్ట 17వ తేదీ ఉదయం తెగినప్పుడు, ఆ లోయలో చిక్కుకున్న యాత్రికుల్లో మన రాష్ట్రం నుంచి వెళ్లినవాళ్లు వేలల్లో ఉన్నారు. పదేళ్ల తర్వాత, 2023 అక్టోబరు 3 రాత్రి సిక్కింలోని దక్షిణ లోనాక్ సరస్సులోకి పక్కనున్న గడ్డకట్టిన రాళ్లగుట్ట విరిగిపడింది. లేచిన అల కట్టను కోసేసింది. సుమారు 5 కోట్ల ఘనపు మీటర్ల నీరు, అంటే 1.8 టీఎంసీలు, కొన్ని గంటల్లో తీస్తా లోయలోకి దూకి, చుంగ్‌థాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల విద్యుత్ కేంద్రపు ఆనకట్టను ఊడ్చుకుపోయింది. సెప్టెంబరు 28న 167 హెక్టార్లున్న సరస్సు అక్టోబరు 4న 60 హెక్టార్లుగా ఉపగ్రహ చిత్రంలో కనబడింది. ఆ సరస్సు ప్రమాదకరమైనదని ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. తెలియక జరిగిన నష్టం కాదది, తెలిసిన ప్రమాదానికి హెచ్చరిక వ్యవస్థ సకాలంలో సిద్ధం కాకపోవడం వల్ల జరిగిన నష్టం. ఈ విషయం తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. సైరన్లు, నీటిమట్టం పరికరాలు, సరస్సు నీటిని కొంత ముందే తోడేసే పైపులు, వీటిలో ఏదీ ఇప్పటి సాంకేతికతకు అసాధ్యమైనది కాదు.

మన నదుల గురించి మీరన్నది సరైనదే. త్ర్యంబకంలో పుట్టిన గోదావరి, మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణ వానల మీదే ఆధారపడ్డవి, హిమానీనదాలు తగ్గినంత మాత్రాన వాటిలో చుక్క తగ్గదు. మనకు తగిలేది సముద్రం వైపు నుంచి. 2000 నుంచి 2023 వరకు ప్రపంచంలోని హిమానీనదాలు ఏడాదికి సగటున 27,300 కోట్ల టన్నుల మంచును పోగొట్టుకున్నాయని 2025లో ఒక అంతర్జాతీయ బృందం లెక్క తేల్చింది. అది 9,600 టీఎంసీలకు పైమాట. ఏటా ముప్పై నాగార్జునసాగర్ల నీటిని సముద్రంలో కలిపినట్టు. ఆ కాలంలో సముద్రమట్టం దీనివల్ల 18 మిల్లీమీటర్లు పెరిగింది. ఉప్పాడ కోతనంతా దీనికే అంటగట్టవద్దని మాత్రం మనవి. అక్కడ అలల తీరు, ఒండ్రు తగ్గడం వంటి స్థానిక కారణాలు చాలా ఉన్నాయి. కానీ కోనసీమ, దివిసీమల్లాంటి పల్లపు డెల్టాలకు ప్రతి మిల్లీమీటరూ ఉప్పునీటిని ఇంకొంచెం లోపలికి తెస్తుంది.

మంచు మీద దుప్పట్లు కప్పి కాపాడవచ్చా అన్న ప్రశ్నకు ఒక్క మాట. స్విట్జర్లాండ్‌లో రోన్ హిమానీనదం కొంత భాగాన్ని తెల్లటి గుడ్డలతో కప్పుతున్నారు, ఆ కొద్దిచోట అది పనిచేస్తుంది కూడా. అయినా ఆ దేశపు హిమానీనదాలు 2022, 2023 రెండేళ్లలోనే తమ ఘనపరిమాణంలో 10 శాతం కోల్పోయాయి. లడఖ్‌లో కట్టే మంచు స్తూపాలు చలికాలపు వాగు నీటిని వసంతకాలం నాట్ల దాకా నిలవ ఉంచే చక్కటి ఉపాయం, వాటిని హిమానీనదానికి ప్రత్యామ్నాయంగా చూడకూడదు. కట్టెల పొయ్యిలు, ఇటుక బట్టీలు, డీజిల్ వాహనాల మసిని తగ్గిస్తే మాత్రం త్వరగానే ఫలితం ఉంటుంది, ఎందుకంటే మసి గాలిలో నిలిచేది రోజులో, వారాలో. బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) అలా కాదు, దాన్ని తగ్గించడం మొదలుపెట్టినా మంచు కోలుకోవడానికి తరాలు పడుతుంది.

మీరు మళ్లీ గోముఖం వెళతానని రాశారు. ఈసారి మంచు గుహ ముందు ఫొటో దిగడంతో ఆపకుండా, పక్కలకు తలెత్తి లోయ గోడలను చూడండి. చెరువు ఎండినప్పుడు గట్టు రాళ్ల మీద పాత నీటిమట్టం చార ఉండిపోయినట్టు, ఇప్పటి మంచుకు చాలా ఎత్తున, గడ్డి కూడా మొలవని బూడిదరంగు పట్టీ ఒకటి లోయ పొడవునా కనబడుతుంది. ఒకప్పుడు మంచు ఉపరితలం అక్కడ ఉండేది. కదలని పెద్ద బండ ఒకటి గుర్తు పెట్టుకుని, దాని పక్కనే నిలబడి ఆ పట్టీనీ కింది మంచునూ ఒకే ఫ్రేములో తీసి, తేదీ రాసి దాచండి. అదే బండ పక్క నుంచి మరో ఐదేళ్లకు ఇంకొకరు తీసిన ఫొటోతో దాన్ని పోల్చి మందం ఎంత తగ్గిందో అంచనా కట్టే పద్ధతి మాకు ఉంది.